ముప్పై ఆరు కొంగలు

ఎలుగుబంటి, కొంగ పక్కపక్క ఇళ్ళలో ఉండేవి. మధ్యన ఒక గోడ. ఎలుగు తన వాకిట్లో రాలిన ఆకులన్నీ ఊడ్చి గోడ అవతలకి ఎత్తిపోసేది. కొంగ గొట్టంతో నీళ్ళు కొట్టి వాటిని మళ్ళీ ఇవతలకి తోసేది. ఎలుగు చాటుగా వచ్చి కొంగ నిచ్చెనను రంపంతో కోసిపెట్టేది. కొంగ చివరి మెట్టు దాకా ఎక్కి, ఏదో తేడాగా ఉందే అని కిందికి చూసి, చూసిన తరువాతే పడేది. పడ్డాక దాని పొడుగాటి మెడ ముడిపడేది. ఆ ముడి విప్పుకోకుండానే ఎలుగును తిట్టిపోసేది. అలా ఏడు నిమిషాలు కొట్టుకుని, చివరికి రెండూ కలిసి గోడను కూల్చుకునేవి. తరువాతి బొమ్మలో గోడ మళ్ళీ నిక్షేపంగా నిలబడి ఉండేది.

పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వే ఈ బొమ్మలను ఇరవై రెండేళ్ళుగా గీస్తున్నది ఇద్దరే ఇద్దరు. ఎలుగును గీసేది అన్నయ్య. కొంగను గీసేది మొగుడు. ఎవరికి అన్నయ్య, ఎవరికి మొగుడు అంటే, గీసిన బొమ్మలను కడిగే పిన్నికి.

కడగడం కూడా ఒక పనేనా అని కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు. బొమ్మలు గీసేది కాగితం మీద కాదు మరి, అద్దంలా అవతలివైపు కనిపించే పల్చటి ప్లాస్టిక్ షీట్ల మీద. ముందువైపు సిరాతో గీత, వెనకవైపు రంగు. ఒక్కో కదలికకూ ఒక్కో షీటు. వాటిని వరసగా పేర్చి ఫొటోలు తీస్తే బొమ్మ కదులుతుంది. ఫొటోలు అయిపోయాక షీట్లు పిన్ని దగ్గరికి వస్తాయి. గోరువెచ్చటి సోడా నీళ్ళలో ముంచి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్ళీ గీయడానికి సిద్ధం చేయడం ఆమె పని. అందరూ ఆమెను నీళ్ళ పిన్ని అనేవాళ్ళు.

ఎలుగుకొక షీటు, కొంగకొక షీటు. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఫొటో తీస్తేనే అవి కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. విడదీస్తే ఎలుగు ఉత్త గాలిని గుద్దుతుంటుంది. కొంగ ఎవరూ కొట్టకుండానే కూలబడుతుంటుంది. తొట్టి దగ్గర పిన్ని వాటిని ఎప్పుడూ విడివిడిగానే చూసింది. 'అయ్యో పాపం, దేని ఏడుపు దానిదే' అనుకునేది.

ఆ మాట గది మొత్తానికీ వర్తించేది. పొడుగాటి గది. మధ్యలో ప్లైవుడ్ అడ్డు. తలుపు వైపు మొగుడు, కిటికీ వైపు అన్నయ్య. తొట్టి, కుళాయి అన్నయ్య వైపు, కిటికీ కింద. వెనక చిన్న చీకటి గదిలో కెమెరా, దాన్ని నడిపే నడివయసు మనిషి. అతన్ని అందరూ కెమెరా అనే పిలిచేవాళ్ళు. ఆ ప్లైవుడ్ కట్టి పదకొండేళ్ళయింది. బావాబావమరుదులు మాట్లాడుకుని కూడా అన్నేళ్ళే.

పదకొండేళ్ళ కిందట మొగుడికి కామెర్లు వచ్చి నలభై రోజులు మంచాన పడ్డాడు. పని ఆగకూడదని అన్నయ్య ఎలుగుతో పాటు కొంగను కూడా తనే గీశాడు. అప్పటిదాకా కొంగ టకటకా నడిచేది. అన్నయ్య చేతిలో అది ఒక కాలు ముందుకు వేసి, ఆగి, రెండో కాలు వేయడమా మానడమా అని ఆలోచించి, అప్పుడు వేసేది. పిల్లలు వెర్రెత్తిపోయారు. కొంగకి ఇప్పటికి ప్రాణం వచ్చిందని అన్నారందరూ. మంచం మీద నుంచి లేచి వచ్చిన మనిషికి ఆ మాట చెవిన పడింది.

"నా కొంగని ముట్టుకోవడానికి నువ్వెవడివి?"

"ముట్టుకోకపోతే అదీ నీతో పాటు మంచాన పడేది."

"పడనీ. నాది, నా చావు చస్తుంది!"

"నడక నేర్పినందుకు ఇదా మర్యాద, బావా?"

ఆ బావా అన్నదే ఆఖరు. మర్నాడు ప్లైవుడ్ వచ్చింది. కొంగ మాత్రం ఆ తరువాత ప్రతి బొమ్మలోనూ ఆ కొత్త నడకే నడిచింది. దాని సంగతి మొగుడు ఎత్తలేదు, అన్నయ్యా ఎత్తలేదు. అన్నయ్యది భల్లూకపు పట్టు, ఈయనది కొంగజపం. ఎవరు ఏ జంతువును గీయాలో దేవుడే తూచి పంచినట్టుండేది.

అప్పటినుంచి పిన్ని అడకత్తెరలో పోకచెక్క.

"ఏమోయ్, మీ అన్నగారితో చెప్పు. పన్నెండో షాటులో ఎలుగు చీపురు ఎడమ చేతిలో ఉండాలి."

రెండడుగుల దూరంలో అన్నయ్య ఆ మాట వింటూనే ఉండేవాడు. అయినా ఆమె వెళ్ళి చెప్పేదాకా తల ఎత్తేవాడు కాదు.

"అమ్మడూ, మీ ఆయనతో చెప్పు. ఎలుగుకి ఏ చెయ్యి వాటమో దాన్ని గీసేవాడికి తెలుసని."

గత రెండేళ్ళుగా అన్నయ్యకు ఇంకో ఫిర్యాదు. ప్రతి బొమ్మలోనూ కొంగే గెంతుతుంది, కొంగే పరిగెడుతుంది. ఎలుగు గోడకి ఆనుకుని కునుకు తీస్తుంటే కొంగ వచ్చి దాని నెత్తిన కుండ పగలగొట్టి పోతుంది. ఎవరేం చేయాలో మొదట కథ రాసి ఇచ్చేది మొగుడే. "చూశావుగా మీ ఆయన బుద్ధి. నా ఎలుగుని మూల కూర్చోబెట్టాడు," అని అన్నయ్య ప్లైవుడ్‌కి వినపడేలా గొణిగేవాడు. పిన్నికీ నిజమే అనిపించేది. ఎలుగు షీట్ల కట్ట ఏటికేడు పలచబడడం కడిగే చేతికి తెలియదా?

ఆ చేతికి ఇంకొకటి కూడా తెలుసు. అన్నయ్య గీత వణుకుతోంది. ఎలుగు ఒంటినిండా బొచ్చు కాబట్టి ఎవరి కంటా పడడం లేదు. వంకరపోయిన ప్రతి గీతా బొచ్చులో కలిసిపోతోంది. షీటును వెలుతురుకెత్తి పట్టుకున్నప్పుడు మాత్రం ఆమెకు కనిపించేది. ఆ విషయం అన్నయ్యను అడగలేదు. మొగుడితో చెప్పలేదు. మింగలేక కక్కలేక ఊరుకుంది.

ఇప్పుడు బొమ్మలు ఆగిపోతున్నాయి. ఇక చాలని యజమాని అనేశాడు. ఆఖరి బొమ్మలో ఎలుగు సామాను తోపుడు బండి మీద వేసుకుని ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతుంది. శనివారం సాయంత్రానికల్లా కెమెరా గది అప్పగించాలి. ఆదివారం పొద్దున్నే అన్నయ్య రైలెక్కి చిన్నకూతురి ఊరికి వెళ్ళిపోతున్నాడు. ఇక రాడు.

పిన్నికి పది రోజులుగా నిద్ర లేదు. ఇద్దరూ మాట్లాడుకోకుండానే ఆ రైలు కదిలిపోతుందేమోనన్నదే ఆమె భయం. చిన్నప్పుడు ఒకనాడు ఆమె కుళాయి కింద బిందె పెట్టి నిలబడింది. నాన్న సంచి భుజాన వేసుకుని గడప దగ్గర నుంచి ఏదో చెప్పాడు. నీళ్ళ చప్పుడులో వినపడలేదు. ఆ తరువాత ఆయన రాలేదు. ఏం చెప్పాడో తెలిసినవాళ్ళు లేరు. అప్పటినుంచీ ఎవరైనా తలుపు వైపు నడిస్తే చాలు, ఆమె చెయ్యి దానంతట అదే కుళాయి కట్టేసేది. కెమెరా మనిషికి అదొక ఆట. "పిన్నీ, బీడీ కోసం వెళ్తున్నా. రెండు నిమిషాల్లో వస్తా. నువ్వు నీళ్ళు కట్టక్కర్లేదు," అని అరిచి మరీ వెళ్ళేవాడు.

ఆ శనివారం పొద్దున పిన్ని వచ్చేసరికి మూడు రోజుల ముసురు విడిచి కిటికీలోంచి ఎండ పడుతోంది. తొట్టి పక్కన చెక్క మీద షీట్లు పరిచి ఉన్నాయి. ఆ చెక్క మీదికి వచ్చేవి కడగాల్సినవే. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ వేరేవి రాలేదు. కుళాయి తిప్పి, సోడా కలిపి, ఒక్కొక్కటే ముంచింది. రంగు ఇవాళ ఎంత తేలిగ్గా పోతోందో అని మురిసిపోయింది కూడా. ముప్పై ఆరు కడిగి దండెం మీద క్లిప్పులు పెట్టింది.

అన్నయ్య వచ్చి తన బల్ల సర్దుకుంటుండగా కెమెరా మనిషి లోపలి నుంచి వచ్చాడు.

"బాబాయ్, ఆఖరి షాటు ఎలుగులు నా దగ్గరున్నాయి. కొంగలేవి?"

 ప్లైవుడ్ అవతలి నుంచి మొగుడి గొంతు బాగా తగ్గి వచ్చింది. "కిటికీ దగ్గర... ఆరబెట్టాను."

అందరి తలలూ తొట్టి వైపు తిరిగాయి. నీళ్ళు తెల్లగా ఉన్నాయి. మధ్యలో కొంగ కాళ్ళ ఎరుపు సన్నటి తీగలా తిరుగుతోంది.

 పిన్ని నోట మొదట వచ్చిన మాట కొంగల గురించి కాదు. "మీరు... ఈ వైపుకి వచ్చారా?"

మొగుడు ప్లైవుడ్ అంచు దాకా వచ్చి నిలబడ్డాడు. "మూడు రోజుల నుంచి నా వైపు రంగు ఆరితే కదా! ఎండ ఇక్కడే ఉంది. తెల్లారగట్ల ఎవరూ లేనప్పుడు వచ్చి పెట్టి వెళ్ళాను."

"దొంగలాగా అన్నమాట," అన్నాడు అన్నయ్య, చెల్లెలి వైపే చూస్తూ.

అదీ సంగతి. ఆయన ఆ వైపు అడుగు పెట్టడన్నది ఆ గదిలో పొద్దున్నే సూర్యుడు వస్తాడన్నంత నిజం. అందుకే అవి ఆయన కొంగలై ఉంటాయన్న అనుమానం ఆమెకు కలలో కూడా రాలేదు.

"కడిగినవాటి మీదే మళ్ళీ గీసేస్తే సరి," అన్నాడు కెమెరా మనిషి. పిన్ని దండెం మీది షీటు ఒకటి తీసి ఎండకు పట్టింది. పొర కమ్మిన కన్నులా మసకగా ఉంది. పాత షీట్లు. ఆఖరి బొమ్మ కదా అని అరిగిపోయినవే వాడాడు మొగుడు. ఇంకొక్క కడుగు తట్టుకోలేకపోయాయి. ఎలుగు మీద వీటిని పెట్టి ఫొటో తీస్తే మంచు కురిసినట్టుంటుంది. మిగిలిన పాతవీ ఇలాంటివే. కొత్తవి లేవు. తెప్పించే వ్యవధి అంతకన్నా లేదు.

"అమ్మడూ, నిజం చెప్పు," అన్నాడు అన్నయ్య. "కావాలనే కడిగావా?"

"నీ మీదొట్టు అన్నయ్యా!"

"నా మీదెందుకు? మీ ఆయన మీద పెట్టుకో."

"నా మీదెందుకు? ఊరొదిలి పోయేవాళ్ళ మీద పెట్టుకోమను," అన్నాడు మొగుడు ప్లైవుడ్‌తో.

పిన్ని తడి చేతులు చీరకు తుడుచుకుంది. గీసే విషయంలో ఆమె ఏనాడూ నోరెత్తినది కాదు. "ఎలుగు షీట్లలో బండి వెనక అంతా ఖాళీయే కదా. కొంగని ఆ షీట్ల మీదే గీయచ్చుగా," అంది.

"నా షీటు మీద ఆయన కలమా?"

"నా కొంగ ఆయన షీటు మీద కాలు పెట్టదు. ఏమోయ్, మీ అన్నగారితో చెప్పు..."

"చెప్పను."

ఇద్దరూ ఒకేసారి ఆమె వైపు తిరిగారు.

"పదకొండేళ్ళు మీ మాటలు మోశాను. చీపురు ఎడమ చెయ్యని ఒకరు, కుడి చెయ్యని ఒకరు. కుండ పెద్దదని ఒకరు, చిన్నదని ఒకరు. రేపు రైలు కదిలాక నేను ఎవరి మాట ఎవరికి మొయ్యను? ఈ పూట నుంచి నా నోరు ఎవరికీ అరువివ్వను. మీ ఇష్టం." ఆమె కుళాయి గట్టిగా కట్టేసి ముక్కాలి పీట మీద కూర్చుంది. 

"నాకు లోపల బల్బు మార్చే పనుంది," అని కెమెరా మనిషి జారుకున్నాడు.

కుళాయి కట్టినా ఒక చుక్క పడుతూనే ఉంది. టప్. టప్. చాలాసేపటికి మొగుడు కదిలాడు. తన వైపుకు వెళ్ళి, కొంగను ముందుగా పెన్సిలుతో గీసుకున్న కాగితాలు, సిరా, కలం తెచ్చాడు. కెమెరా గదిలోంచి ఎలుగు షీట్లు తెచ్చాడు. ఎండ పడే బల్ల ఒక్కటే ఉంది. అది అన్నయ్యది. స్టూలు లాక్కుని ఆ బల్ల చివర కూర్చున్నాడు. అన్నయ్య లేవలేదు, జరగలేదు. కాసేపటికి తన టీ గ్లాసును మాత్రం అటు నుంచి ఇటు పెట్టుకున్నాడు.

మొగుడు గీత గీసి ఇస్తుంటే పిన్ని వెనకవైపు తెలుపు పూసి, కాళ్ళకు ఎరుపు వేస్తోంది. ఆరు షీట్లయ్యాయి. ఏడోది మొగుడు తీసుకోబోతుంటే, ఆరుతున్న షీటుకి అన్నయ్య మోచెయ్యి తగలబోయింది.

"చెయ్యి తియ్యి. తడి ఆరలేదు," అన్నాడు మొగుడు.

"ఇది నా బల్ల. నువ్వే తియ్యి నీ తడి."

పదకొండేళ్ళ తరువాత మొదటి పలుకులు ఇవి. పిన్ని కుంచె రంగులో ముంచి తీయడం మరిచిపోయింది.

మధ్యాహ్నానికి ఇరవై నాలుగు అయ్యాయి. కథ ప్రకారం ఎలుగు బండి లాక్కుంటూ వెళ్ళిపోతుంటే కొంగ గోడ మీద నిలబడి ముక్కు బార్లా తెరిచి నవ్వుతుంది. అంతే, బొమ్మ అయిపోతుంది. మొగుడు ఇరవై నాలుగో షీటును చేతిలోకి తీసుకుని చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్ళలో రెండు బొమ్మలూ ఒకే షీటు మీద ఆయన చూసింది లేదు. విడి షీటు మీద ఆ నవ్వు నవ్వులాగే ఉండేది. ఎలుగు వీపు పక్కన పెడితే మరోలా ఉంది.

"ఇది బాగోలేదు," అన్నాడు.

"కొంగ బుద్ధి అంతేగా. కొత్తగా ఏముంది?"

"కాదు. ఇది గోడ దిగాలి. బండి దాకా నడవాలి."

"నడిపించు మరి. ఎవరొద్దన్నారు?"

మొగుడు కలం కింద పెట్టాడు. "నాకు రాదు. ఆ నడక నీది. పదకొండేళ్ళుగా చూసి రాస్తున్నాను. నువ్వు నడిపించు. గీత నేను దిద్దుతా."

 అన్నయ్య పెన్సిలు తీసుకున్నాడు. ఎండ సరిగ్గా ఆ చేతి మీద పడుతోంది. కొంగకు బొచ్చు లేదు. మెడ అంతా ఒకే ఒక్క నున్నటి గీత. పెన్సిలు మొన కాగితం మీద కంపించిపోయింది. అన్నయ్య చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు.

"కానీయ్. ఎంత వంకరపోయినా ఫర్వాలేదు. రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నానుగా, బొచ్చులో దాచావు."

"తెలుసా నీకు?" అన్నయ్య పెన్సిలు కింద పెట్టేశాడు. అంతలోనే కోపం వచ్చింది. "తెలిసే నా ఎలుగుని మూల కూర్చోబెట్టావా?"

"కూర్చున్న ఎలుగుకి ఒక్క షీటు చాలు. పరిగెత్తే ఎలుగుకి నలభై కావాలి," అన్నాడు మొగుడు, కలం పాళీ గుడ్డతో తుడుస్తూ.

పిన్ని కుంచె గాలిలో ఆగిపోయింది. పలచబడిన ఎలుగు కట్టలు, బలిసిన కొంగ కట్టలు. అన్నీ ఆమె చేతులతో కడిగినవే. రాత్రింబవళ్ళు ఒళ్ళు వాలిపోయేలా ఈయన కొంగను పరిగెత్తించింది అందుకా! తను మాత్రం పేరాశ అనుకుంది.

"ఆ ముక్క నోటితో చెప్పి ఏడవచ్చుగా, బావా! రెండేళ్ళు నిన్ను తిట్టుకున్నాను."

"వినపడుతూనే ఉండేది. ప్లైవుడ్డేగా."

అన్నయ్య నవ్వాడో దగ్గాడో తెలియలేదు. తల వంచి గీయడం మొదలుపెట్టాడు. వణికే గీతలతో కొంగ గోడ దిగింది. ఒక కాలు వేసింది. ఆగింది. రెండోది వేయడమా మానడమా అని ఆలోచించింది. మొగుడు ఆ వణుకు మధ్యలోంచి ఒక్క తిన్నని గీతను ఏరుకుని సిరాతో దిద్దాడు. ఎలుగు ముందు నుంచి బండి లాగుతోంది. కొంగ వెనక నుంచి రెండు రెక్కలూ ఆనించి బండిని తోసింది.

"సాయం చేస్తోందా, గెంటేస్తోందా?" అని అడిగాడు మొగుడు.

"చూసేవాళ్ళ ఇష్టం," అన్నాడు అన్నయ్య.

ముప్పై ఆరో కొంగ ఆరేసరికి నాలుగయింది. కెమెరా మనిషి ఫొటోలు తీసి బయటికి వచ్చి, "మావయ్యా, ఆ కొంగ ఆగి ఆలోచించిందే, అక్కడ నాకు ఏదోలా అయింది," అన్నాడు. ఇక షీట్లు కడిగేయాలి. అరగనివి వేరే చోటికి ఇచ్చేస్తామని యజమాని మాట ఇచ్చి ఉన్నాడు.

పిన్ని ఆ కట్ట ఒళ్ళో పెట్టుకుని కదలలేదు.

"కడుగు అమ్మడూ," అన్నాడు అన్నయ్య. "ఫిల్ములో ఎక్కాయిగా. అక్కడ ఎవరూ కడగలేరు."

కుళాయి తిప్పింది. మొదట తెలుపు పోయింది, తరువాత ఎలుగు గోధుమ రంగు పోయింది. చివర సిరా గీతలు విడివడి ఒకే నీళ్ళలో కలిసిపోయాయి. ఇరవై రెండు షీట్లు కడిగింది. మొగుడు పక్కన నిలబడి ఒక్కొక్కటే తుడిచి పెట్టాడు.

అన్నయ్య లేచి చెప్పులు వెతుక్కుని తలుపు వైపు నడిచాడు. ఆమె చెయ్యి కుళాయి కట్టేసింది.

"నీళ్ళెందుకు కట్టావే? టీ చెప్పడానికి వెళ్తున్నా."

"అయినా సరే. ఏమండీ, మీరూ వెళ్ళండి."

మొగుడు తువ్వాలు ఆమె భుజం మీద వేసి వెళ్ళాడు. మెట్ల మీద రెండు జతల చెప్పుల చప్పుడు. అప్పుడే దెబ్బలాట మొదలైంది.

"కొంగ మోకాలు వెనక్కి వంగుతుంది బావా. నీకెన్నిసార్లు చెప్పాలి?"

"ఎప్పుడు చెప్పావు? పదకొండేళ్ళుగా నోరు కుట్టేసుకుని! సరేగానీ, వెళ్ళాక ఉత్తరం రాయి."

"చెయ్యి వణుకుతుందని తెలిసీ..."

"వంకరగా వస్తే ఎలుగు రాసిందనుకుంటాంలే."

గొంతులు ఒక్కో మెట్టూ దిగుతూ దూరమవుతున్నాయి. రేపు ఈ వేళకి ఒక గొంతు ఎంత దూరం వెళ్ళిపోయి ఉంటుందో పిన్నికి తెలుసు. కారే చుక్క చప్పుడు కాకుండా కుళాయి కింద గుడ్డ పెట్టి, తొట్టి అంచు పట్టుకుని చెవి ఒగ్గింది. ఇంకా పద్నాలుగు షీట్లు ఉన్నాయి. నీళ్ళు చల్లారిపోతున్నాయి. చల్లారనీ అనుకుంది.